పన్నెండో వాల్వు

కుళాయిలో నీళ్ళు వచ్చినన్నాళ్ళు నన్నెవరూ తలుచుకోరు. ఒక్క పూట రాకపోతే మా ఏడు తరాల వాళ్ళనీ తలుచుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరికి నీళ్ళు వదులుతున్నది నేనే. పెద్ద ట్యాంకు నుంచి దిగిన నీళ్ళు ఏ వీధికి ఎప్పుడు పోవాలో, ఎంతసేపు పోవాలో నా చేతిలోని ఇనుప కీ నిర్ణయిస్తుంది. ఛాతీ దాకా వచ్చే కడ్డీ, పైన పట్టుకోడానికి అడ్డపిడి, కింద వాల్వు తల మీద కూర్చునే గుంట. రోడ్డు మీది ఇనుప మూత లేపి, గోతిలోకి కీ దించి తిప్పాలి. అంతే పని. మా మామగారు ఒకసారి పదిమందిలో, "అంటే కుళాయి కట్టే ఉద్యోగమన్నమాట," అన్నారు. ఆయనతో నేను రెండేళ్ళు మాట్లాడలేదు.

తిప్పడంలోనే ఉంది తిరకాసంతా. ఈ ఊళ్ళో రెండువందల పద్నాలుగు వాల్వులున్నాయి. కొన్ని కుడికి తిప్పితే మూసుకుంటాయి, కొన్ని ఎడమకి. ఏ కాలంలో ఏ అధికారికి ఏ కంపెనీ సరుకు నచ్చిందో ఆ వీధి వాల్వుకి ఆ దారి. కొన్ని పద్దెనిమిది చుట్లకే మూసుకుంటాయి, కొన్ని నలభై చుట్లు తిప్పినా ఇంకా ఇంకా అంటాయి. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే, బురదలో మునిగిన చదరపు తల. ఏది ఎటు తిరుగుతుందో చేతికి తెలియాలి. ఆ చేతులు నావి. అందుకే ఆఫీసులో నన్ను నక్షా అంటారు, నడిచే మ్యాపునట. నా అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా లేదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని నేనే పక్కకి జరుగుతాను.

మా ఆవిడ నర్సు. ఆరేళ్ళ కిందట ప్రమోషన్ మీద, నాలుగు గంటల బస్సు ప్రయాణం అవతల ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళింది. పాపకి అప్పుడు మూడేళ్ళు. "మీరు కూడా ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, ఆర్నెల్లలో వచ్చేస్తారు," అంది. పెట్టుకున్నాను. మూడుసార్లు ఆర్డరొచ్చింది. మూడుసార్లూ ముప్ఫై రోజుల గడువు దాటి చచ్చింది. ప్రతిసారీ కాగితం మీద ఒకటే వాక్యం: ఈ ఉద్యోగి స్థానంలో పని చేయగలవారు లేరు. పదిహేను రోజులకోసారి శనివారం వెళ్తాను, ఆదివారం సాయంత్రం తిరిగొస్తాను. పాప నన్ను చుట్టంలా చూడటం నేర్చుకుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిస్తుంది, కుర్చీ జరుపుతుంది. మంచి పిల్ల.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. రెండుసార్లు సెలవు పెట్టి వచ్చి, అప్పటి పెద్ద ఇంజనీరుని ఆయన గదిలోనే నిలదీసింది. పై ఆఫీసులకి అర్జీలు రాసింది. రోజూ ఫోనులో వాళ్ళని దుమ్మెత్తి పోసేది. "పెళ్ళాం పిల్లలు లేరా వాళ్ళకి? మనిషిని ఇలా కట్టేసుకుంటారా?" అనేది. నేను "ఆఁ, మరే, దుర్మార్గులు," అని తాళం వేసేవాణ్ణి. నాలుగో ఆర్డరొచ్చిన రోజు మాత్రం ఆమె ఎవర్నీ తిట్టలేదు.

"ఇది ఆఖరు," అంది. "ఈ ముప్ఫై రోజుల్లో వస్తే వచ్చారు. లేకపోతే ఇక రావద్దు. పదిహేను రోజులకోసారి కూడా వద్దు. పాపకి నేనే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను."

ఆమె అరిస్తే నాకు భయం లేదు. మెల్లిగా మాట్లాడితేనే భయం.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆఫీసుకి తెలియదు, మా ఆవిడకి అంతకన్నా తెలియదు. నన్ను ఇక్కడ కట్టేసింది ఏ ఇంజనీరూ కాదు.

ఏడేళ్ళ కిందట నీళ్ళ పనంతా ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్తారని పుకారు లేచింది. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటు కాదు. ముందుగా సర్వే వాళ్ళు వచ్చారు. ప్రతి వాల్వునీ కంప్యూటర్ మ్యాపులోకి ఎక్కిస్తారట, వెంట తిరిగి చూపించాల్సింది నేను. నాకు పని నేర్పిన పెద్దాయన అప్పటికే రిటైరై అరుగు మీద కూర్చుని ఊరందరికీ సలహాలు పంచుతున్నాడు. నాకూ ఒకటి పడేశాడు. "ఒరేయ్, నక్షా కాగితం మీదికెక్కిన రోజు నువ్వు రోడ్డు మీదికెక్కుతావు." ఆ మాట జలగలా పట్టుకుంది. సర్వేలో కొన్ని వాల్వులకి అబద్ధం చెప్పాను. కుడిని ఎడమన్నాను, ఎడమని కుడన్నాను, చుట్ల లెక్క మార్చాను. ప్రతి కాగితం మీదా నా సంతకం ఉంది. ఆ సాయంత్రం పెద్దాయన దగ్గరికెళ్ళి, "డజను పెట్టాను," అంటే ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

కంపెనీ మనుషులు ఆ మ్యాపు పట్టుకుని మూడు వారాలు కీ తిప్పారు. ఒక వీధి చెరువైంది, పక్క వీధి ఎండిపోయింది. జనం రోడ్డెక్కారు. కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. నన్ను పిలిచి ఉద్యోగం పర్మినెంటు చేసి, అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఇచ్చారు. నక్షా లేకపోతే ఈ ఊరికి గొంతు తడవదన్నారు. నేను కాలరెగరేసుకుని ఇంటికొచ్చాను. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. నా గోతికి ఇనుప మూత కూడా ఉందని, అది నా నెత్తి మీదే మూసుకుందని తెలియడానికి ఒక ఏడాది పట్టింది. అప్పటికి మా ఆవిడ పెట్టె సర్దుకుంటోంది.

కొత్తగా వచ్చిన ఇంజనీరు మేడమ్ ముక్కుసూటి మనిషి. నా ఫైలు చదివి నన్ను పిలిచారు.

"మిమ్మల్ని మూడుసార్లు ఆపడం అన్యాయమండీ," అన్నారు. "నేను ఆపను. మీ పని ఒకరికి పూర్తిగా నేర్పండి. ఆఖరి రోజు ఆ మనిషి నా ముందు ఒక ఏరియాకి నీళ్ళు మొత్తం కట్టేసి, చుక్క రాకుండా చూపించాలి. చూపిస్తే మీరు బస్సెక్కెయ్యండి."

ఆ మనిషి మీటరమ్మ. కాంట్రాక్టు మీద పద్నాలుగేళ్ళుగా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదువుతున్న ఆవిడ. వయసు నలభై దాటింది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషి కరుస్తాడో ఆమెకి తెలుసు. ఇద్దరు చదువుకునే పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. మొగుడి సంగతి ఎవరైనా అడిగితే, "ఆ కనెక్షన్ ఎప్పుడో కట్ చేశాం," అంటుంది. ఈ పని నేర్చుకుంటే కాంట్రాక్టు పోయి ఆపరేటరు పోస్టు వస్తుంది. తప్పితే మళ్ళీ మీటర్లే, అవి కూడా ఈ ఏడాదితో కంప్యూటర్లే చదువుకుంటాయట.

ఆమెకి నేర్పడానికి మొదటిసారి ఆ మ్యాపు కాగితాల కట్ట ముందేసుకున్నాను. ఏడేళ్ళలో దాని మొహం చూడలేదు నేను. చూడాల్సిన అవసరమేముంది, అంతా చేతిలో ఉంటే! పంప్‌హౌస్‌లో మోటార్ల హోరు పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో అబద్ధాలన్నీ ఏరాను. పదకొండు వచ్చాయి. మళ్ళీ మొదట్నుంచి చూశాను. పదకొండే. డజను అని నా నోటితో నేనే చెప్పాను, పెద్దాయన నవ్వు ఇంకా చెవిలో ఉంది. పన్నెండోది ఏదో నాకు గుర్తు లేదు.

రోజూ వాడే వాల్వులకి అనుమానం లేదు, కళ్ళకి గంతలు కట్టినా చెప్తాను. కానీ అరవై ఒకటి ఎప్పుడో నాలుగైదేళ్ళకోసారి తిప్పేవి, కొన్ని ఈ ఏడేళ్ళలో నేనసలు తిప్పనే లేదు. పన్నెండోది వాటిలో ఉంది. నిజం చెప్పినవాడికి ఏదీ గుర్తుంచుకోనక్కర్లేదంటారు. అబద్ధం చెప్పినవాడు కనీసం ఒక చీటీ రాసుకోవాలి. నేను అదీ రాసుకోలేదు.

మేడమ్‌కి చెప్తే? సంతకాలు నావి. ఎంక్వైరీ వేస్తారు, ఎంక్వైరీ ఉన్నవాణ్ణి వదలరు, ఆర్డరు నాలుగోసారి చస్తుంది. చెప్పకుండా వెళ్ళిపోతే? ఎప్పుడో ఏ పైపో పగిలిన రోజు ఎవరో మ్యాపు చూసి తిప్పుతారు, మూస్తున్నామనుకుని తెరుస్తారు. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. చివరికి ఒక ఉపాయం తోచింది. ముప్ఫై రోజులున్నాయి, అరవై ఒక్క వాల్వులున్నాయి. నేర్పే వంకతో రోజుకి రెండు తెరిచి చూస్తే ఎవరికీ తెలియకుండా పన్నెండోది దొరికిపోతుంది.

ఎవరికీ తెలియకుండా అనుకున్నాను కానీ, మీటరమ్మకి నాలుగో రోజే తెలిసిపోయింది.

"అన్నా, ఈ కాగితంలో కుడి అనుంది. మీరు ఎడమ రాసుకోమంటున్నారు," అంది.

"కాగితం తప్పు. నేను చెప్పింది రాసుకో."

"ఇది ఎనిమిదో తప్పు. కాగితం కింద సంతకం మీదేగా?"

నేను మెడ దాకా లోతున్న వాల్వు చాంబర్‌లో నిలబడి ఉన్నాను. మోకాళ్ళ దాకా బురదనీళ్ళు. పైన ఆమె తల, ఆ వెనక చదరంగా ఆకాశం ముక్క. గోతిలో ఉన్నవాడికి మొహం తిప్పుకుని వెళ్ళిపోయే వసతి కూడా ఉండదు. ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఆరేళ్ళు పిల్లకి దూరంగా ఉండటానికి ఇంత కష్టపడ్డారా అన్నా!" అంది. తర్వాత కిందికి చెయ్యి చాపి, "రండి, పైకి రండి. చెయ్యివ్వండి. పన్నెండోది వెతుకుదాం, ఎక్కడికి పోతుంది," అంది.

ఆ నెల రోజులు నేను బతికింది భూమి మీద కాదు. తెల్లారుజామున నీళ్ళు వదిలే పని ముగియగానే మేమిద్దరం కీ, గునపం, తట్ట పట్టుకుని బయల్దేరేవాళ్ళం. కొన్ని మూతలు తారు కింద పూడిపోయాయి. ఒకదాని మీద బట్టలకొట్టు వాడు మెట్లు కట్టుకున్నాడు. ఒకదాని మీద ఎవరో కారు పెట్టి ఊరెళ్ళారు. మీటరమ్మ ఆ వీధిలో ప్రతి తలుపూ కొట్టి కారు తాళాలు పుట్టించింది. నేను దిగడం, బురద తోడటం, వాల్వు మీద కీ పెట్టి మెల్లిగా కుడికి అరచుట్టు, ఎడమకి అరచుట్టు తిప్పడం. ఏళ్ళ తరబడి వాడనివి బిగుసుకుపోయి ఉండేవి. అలాంటప్పుడు అడ్డపిడికి ఒక పొడుగు పైపు తొడిగి బలం వేయడం నేర్పాను ఆమెకి. "బిగుసుకున్నదైనా సరే, వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలిక చేతికి తెలియాలి," అని చెప్పాను. ఆమె నోటుబుక్కులో రాసుకుంది.

మా ఆవిడ రోజుకొకసారి ఫోను చేసేది. "ఎన్నయ్యాయి?" అని అడిగేది, నేర్పడం గురించి. నలభై, నలభై ఆరు, యాభై. ఆమె గొంతులో ఏదో మెత్తబడుతోంది. పాప స్కూలు దగ్గర రెండు గదుల ఇల్లు చూశానంది. వంటింటి కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తుందట. ఆ కిటికీ నాకు రోజంతా కళ్ళలో మెదిలేది. గోతిలో నిలబడి దాన్నే చూసుకునేవాణ్ణి.

ఇరవై తొమ్మిదో రోజుకి యాభై మూడు అయ్యాయి. యాభై మూడూ నిజాలే. ఇన్ని నిజాలు ఎప్పుడు చెప్పానో నాకే ఆశ్చర్యం. ఎనిమిది మిగిలాయి. రెండు కొత్త సిమెంటు రోడ్డు కింద, మూడు మూతలు దొరకనివి, మిగతావి కదిలిస్తే ఆసుపత్రికో బడికో నీళ్ళు ఆగిపోయేవి.

ముప్ఫయ్యో రోజు పొద్దున్నే మేడమ్ రిలీవింగ్ కాగితం నా చేతిలో పెట్టారు. సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి.

"ఈ రోజు దాటితే ఆర్డరు పనికిరాదు కదా, అందుకే ముందే సంతకం పెట్టేశాను," అన్నారు. "ఆమె వాల్వులన్నీ కట్టాకే ఇది జేబులోంచి తియ్యండి. ఆసుపత్రి ఏరియా చూద్దాం. వాళ్ళ ట్యాంకులు నింపుకోమని రాత్రే చెప్పించాను."

ఆసుపత్రి ఏరియాకి ఐదు వాల్వులు. నాలుగు నాకు కరతలామలకం. ఐదోది ఆసుపత్రి వెనక గోడ పక్కది. మిగిలిన ఎనిమిదింటిలో అదొకటి.

మీటరమ్మ మొదటి నాలుగూ మంచినీళ్ళు తాగినంత సులువుగా కట్టింది. రెండు కుడి, రెండు ఎడమ. చుట్లు పైకే లెక్కపెట్టింది. మేడమ్ టాబ్లెట్‌లో మ్యాపు చూసుకుంటూ తలూపారు. ఆ నాలుగూ సర్వేలో నేను నిజం చెప్పినవే. నాకు గర్వంగానే ఉంది, అది దాచడం ఎందుకు. మధ్యాహ్నం రెండున్నర బస్సు. బ్యాగు పంప్‌హౌస్‌లో సర్దిపెట్టి ఉంది.

ఐదో మూత లేపింది. కీ దించింది. దించి ఆగిపోయింది.

"అన్నా," అంది నా వైపు తిరిగి, "ఇది కుడేనా?"

ఆమెకి తెలుసు ఇది ఎనిమిదింటిలో ఒకటని. మేడమ్‌కి తెలియదు. మేడమ్ నా మొహం చూశారు. "చూసి చేద్దాం" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే "ఎందుకు" అని అడుగుతారు. ఎందుకు అన్న దాని వెనక ఏడేళ్ళున్నాయి. ఎనిమిదింటిలో ఒక్కటే కదా, ఇదే అవ్వాలని రూలేముంది? జేబులో కాగితం గరగరలాడుతోంది.

"మ్యాపులో ఎలా ఉంటే అలా తిప్పు," అన్నాను.

మ్యాపులో కుడి, ఇరవై ఆరు చుట్లు. ఆమె కుడికి తిప్పింది. కదల్లేదు. కాళ్ళు దూరంగా పెట్టి మళ్ళీ లాగింది. కదల్లేదు. "బాగా బిగుసుకుపోయిందన్నా," అని అడ్డపిడికి పైపు తొడిగింది. నేను నేర్పిందే. బిగుసుకున్నదైతే వెంట్రుకవాసి కదలాలి. ఇది అదీ కదలటం లేదు. నేను దూరం నుంచి చూస్తూనే చెప్పగలను. ఇది బిగుసుకున్న వాల్వు కాదు, పూర్తిగా తెరిచి ఉన్న వాల్వు, దాన్ని ఇంకా తెరవమని ఆమె లాగుతోంది. అప్పుడే గుర్తొచ్చింది. సరిగ్గా ఈ గోడ నీడలో సర్వే కుర్రాళ్ళిద్దరూ చెమట తుడుచుకుంటూ అడిగితే, నేను జామకాయ కొరుకుతూ "కుడి" అన్నాను. ఆపు అనడానికి నాకు అర నిమిషం ఉంది. నోరు తెరిచాను కూడా. మా ఆవిడ చూసిన ఇంటి కిటికీ కళ్ళ ముందు నిలబడింది. నోరు మూసుకున్నాను.

టప్పుమని చప్పుడైంది. కీ వదులుగా గిర్రున తిరిగింది. మీటరమ్మ వెనక్కి పడింది. లోపల వాల్వు కడ్డీ విరిగి, దాని చుట్టూ ఉన్న బిగింపు ఊడి, గోతిలోంచి నీళ్ళు ఎగజిమ్మాయి. నిమిషంలో రోడ్డంతా నీళ్ళు.

నేను పరుగెత్తి ట్యాంకు దగ్గర మెయిన్ లైను కట్టేశాను. సగం ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. తవ్వి కొత్త వాల్వు వేసేదాకా, అంటే రెండు రోజులు, ట్యాంకర్లే గతి. నేను తిరిగొచ్చేసరికి మేడమ్ మీటరమ్మతో మాట్లాడుతున్నారు. అరవటం లేదు, అరిస్తే బాగుండేది.

"మ్యాపు నీ ముందుంది. కదలకపోతే ఆగి అడగాలి. పైపు వేసి విరగ్గొడతావా? ఆసుపత్రి ఉన్న చోట? నీ మీద నమ్మకం పెట్టుకున్నాను. మీ కాంట్రాక్టరుకి రాస్తాను, రేపట్నుంచి రానక్కర్లేదు."

మీటరమ్మ తల వంచుకుని నిలబడింది. తల నుంచి కాళ్ళ దాకా బురద. నా మాట ఎత్తలేదు.

మేడమ్ నా వైపు తిరిగారు. "ఇందులో మీ తప్పేం లేదు. ఇరవై తొమ్మిది రోజులు మీరు పడ్డ కష్టం నేను చూశాను. మాటిచ్చాను, నిలబెట్టుకుంటాను. పక్క ఆఫీసు నుంచి ఎవర్నో తెచ్చుకుంటాం. మీరు వెళ్ళండి, పాప ఎదురు చూస్తుంటుంది."

బ్యాగు తెచ్చుకోడానికి పంప్‌హౌస్‌కి వెళ్ళాను. కాళ్ళు తేలిగ్గా పడుతున్నాయి, ఆ తేలికకి నా మీద నాకే అసహ్యం వేసింది. మెట్ల మీద మీటరమ్మ కూర్చుని ఉంది. నోటుబుక్కు తడిసి ఉబ్బిపోతే ఒక్కో పేజీ విడదీసి ఎండకి ఆరబెడుతోంది.

"ఇదేనా అన్నా పన్నెండోది?"

"ఇదే."

"పోన్లెండి, దొరికింది. వెళ్ళండి, బస్సు టైమైంది."

ఆ మాటలో వెటకారం లేదు. వెటకారం ఉంటే ఎంత బాగుండేది! నాలుగు మాటలు ఎదురు తిట్టి, ఆ కోపంలో బస్సెక్కేసేవాణ్ణి. నాకు కోపం వస్తే ఏ పనైనా చెయ్యగలను. ఆమె నాకు ఆ వీలు కూడా ఇవ్వలేదు. బ్యాగు భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళాను. రెండున్నర బస్సు హారను మూల తిరుగుతూ వినపడింది. అక్కడే నిలబడ్డాను. అది వెళ్ళిపోయింది.

కూలీలు తవ్వుతున్న గోతి పక్కన మేడమ్ ఉన్నారు. జేబులోంచి కాగితం తీసి ముందే చేతికిచ్చాను, లేకపోతే మాట మారుస్తానేమోనని నా మీద నాకే అనుమానం. అంతా చెప్పాను. సర్వే, సంతకాలు, కంపెనీ, ఈ పొద్దున మీటరమ్మ అడిగింది, నేను చెప్పింది. ఆమె చేసిందంతా నేను నేర్పినట్టే చేసిందన్నాను.

"మొత్తం పన్నెండేనా?"

"పన్నెండే."

"పన్నెండోది ఏదో ఈ పొద్దుటిదాకా మీకే తెలీదు. పదమూడోది లేదని ఎలా చెప్తారు?"

డజను అని నేనన్నది పెద్దాయన్ని నవ్వించడానికి. పదమూడు చేసినా డజనే అని ఉండేవాణ్ణి.

"రెండువందల పద్నాలుగూ మళ్ళీ తెరవాలి," అన్నారు మేడమ్. "మీరు దిగి తిప్పుతారు. ఆమె పైన నిలబడి రాస్తుంది. ఆమె ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఆ తర్వాత మీ సంగతి ఎంక్వైరీలో తేలుతుంది. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను." కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు.

నాలుగింటికి ఫోను మోగింది. తవ్విపోసిన మట్టి కుప్ప మీద కూర్చుని ఉన్నాను.

"సీటు దొరికిందా?" అంది మా ఆవిడ.

"బస్సెక్కలేదు."

"మళ్ళీ ఆపేశారా? ఆవిడ మంచిదన్నారుగా! ఫోను ఆవిడకివ్వండి. ఈ రోజు నేనో, ఆవిడో తేలిపోవాలి. ఇవ్వండి ముందు."

"ఆఁ" అంటే చాలు. ఆరేళ్ళుగా అన్నదే. ఆమె మేడమ్‌ని తిడుతుంది, నేను తాళం వేస్తాను, ఆమె మనసు కాస్త కరుగుతుంది. ఇంకో ఆర్నెల్లు గడువు దొరికినా దొరుకుతుంది.

"ఎవరూ ఆపలేదు," అన్నాను. "ఇప్పుడే కాదు. ఎప్పుడూ ఎవరూ ఆపలేదు."

చెప్పాను. మొదట్నుంచీ చెప్పాను. నేను ముగించాక ఫోను కట్టయిందేమో అనుకున్నాను. చెవికి గట్టిగా అదిమిపెట్టుకుంటే ఎక్కడో గోడగడియారం చప్పుడు వినపడింది.

"ఆ పెద్ద ఇంజనీరు గదిలో ఆయన్ని నానా మాటలూ అన్నాను," అంది చివరికి. "ఆయన తల వంచుకుని విన్నాడు. ఈ ఆరేళ్ళూ నేను తిట్టింది ఎవర్ని?"

"నన్నే."

ఆమె ఏడవలేదు, అరవలేదు. "పాప మూడింటి నుంచి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది, బస్టాండుకి వెళ్దామని," అంది, చాలా మెల్లిగా. "దానికి నేను సర్దిచెప్తానన్నాను కదా. చెప్పను. మీరే చెప్పుకోండి."

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"నాన్నా," అంది పాప, "ఎక్కడిదాకా వచ్చావు?"